నేలకు అదిమిపట్టే విద్య

రొళ్ల ప్రాంతంలో వేరుశెనగ పంట ఇంటికి చేరే రోజుల్లో, నిండు మూటను భుజాన వేసుకొని బండిదాకా నడిచే మనుష్యులు చాలామందే కనిపిస్తారు. మూట బరువు మోసేవాని బరువులో సగానికి పైమాటే. అట్టి మనిషిని వెల్లకిల పడుకోబెట్టి, అతనికంటె తేలికైన కుర్రవాడొకడు ఒక పద్ధతి ప్రకారం పట్టుకొన్నాడనుకొందాం. ఆ మోతగాడు ఎంత గింజుకొన్నా లేవలేడు. మూటను లేపిన బలం మనిషిని లేపడానికి ఎందుకు చాలలేదు? కుర్రవానికి బరువు ఎక్కడినుంచి వచ్చింది?

బరువు ఎక్కడినుంచీ రాలేదు. ఉన్న బరువే సరియైన చోట పడింది. జపానువారి జూడో విద్యలో నేలమీద చేసే పట్టులన్నిటికీ ఇదే మూలసూత్రం. ఉన్నత పాఠశాలలో బలభ్రామకం, గురుత్వకేంద్రం అనే పాఠాలు చదివిన విద్యార్థికి ఈ పట్టును మించిన ఉదాహరణ దొరకడం కష్టం. ఎందుకంటే ఇక్కడ తులాదండమూ, భారమూ, ఆధారమూ అన్నీ మనిషి శరీరంలోనే ఉన్నాయి.

జూడోను జిగొరో కానో అనే జపాను విద్యావేత్త రూపొందించి, 1882లో టోక్యో నగరంలో కొడోకాన్ అనే శిక్షణాలయాన్ని స్థాపించాడు. అంతకుముందున్న జుజుత్సు విద్యలలోని ప్రమాదకరమైన దెబ్బలను పోటీలనుంచి తొలగించి, పడవేయడం, పట్టి ఉంచడం మొదలైనవాటిని ఒక క్రమంలో పెట్టాడు. పట్టి ఉంచే విధానాలలో మొట్టమొదట నేర్పేది ‘కెసా-గతామె’. కెసా అంటే బౌద్ధభిక్షువు ఒక భుజంమీదుగా ఏటవాలుగా కప్పుకొనే వస్త్రం. ఈ మాట జపాను భాషలో పుట్టినది కాదు. సంస్కృతంలోని ‘కాషాయం’ బౌద్ధమతంతో పాటు చైనామీదుగా ప్రయాణంచేసి కెసాగా మారింది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలలో భిక్షువుల వస్త్రాన్ని చూసినవారికి ఆ వాలు వెంటనే స్ఫురిస్తుంది. పట్టినవాని చెయ్యి క్రిందివాని మెడ వెనుకగా, ఛాతీ మీద అదే వాలులో పడుతుంది కనుక ఆ పేరు వచ్చింది. గతామె అంటే బిగించి ఉంచడం.

పట్టు ఇట్లా ఉంటుంది. క్రిందివాడు వెల్లకిల పడి ఉంటాడు. పట్టినవాడు అతని కుడిపక్కన, తన తుంటిని అతని చంకలోకి జొనిపి, నేలమీద కూర్చుంటాడు. కుడిచేతిని అతని మెడక్రిందనుంచి పోనిచ్చి తలను ఒడిసి పట్టుకొంటాడు. ఎడమచేత్తో అతని కుడిచేతి చొక్కామడతను పట్టి, ఆ చేతిని తన చంకలోకి లాగి బిగిస్తాడు. కుడికాలు క్రిందివాని తలవైపుకు ముందుకు చాపి, ఎడమకాలు వెనుకకు మడిచి, రెంటిమధ్య ఎంతో ఎడం ఉంచుతాడు. తన తలను వంచి తక్కువ ఎత్తులో ఉంచుకొంటాడు. చూసేవారికి అతడు ఎవరినో జబ్బపట్టుకొని పక్కన చతికిలబడినట్లు ఉంటుంది. అంత బలప్రయోగం జరుగుతున్నదని తోచదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. క్రిందివాడు తప్పించుకోవలెనంటే ఏదో ఒక పక్కకు పొర్లాలి. తన ఎడమపక్కకు పొర్లుతూ, పట్టినవానిని తనమీదుగా అవతలికి దొర్లించడం ఒక మార్గం. అప్పుడు అతని శరీరం ఎడమ అంచుమీద తిరుగుతుంది. తలుపు కీలుమీద తిరిగినట్లే. భుజాల వెడల్పు 40 సెం.మీ. అనుకొందాం. పట్టినవాని బరువు 60 కి.గ్రా. అనుకొందాం. ఆ బరువంతా కుడి అంచున పడితే, పొర్లడాన్ని అడ్డే భ్రామకం 60 × 40, అంటే 2400 కి.గ్రా.-సెం.మీ. బరువు ఛాతీ నడిమధ్య పడితే 60 × 20, అంటే 1200. ఎడమ అంచుమీద పడితే సున్న. ఇంకా ముందుకు వాలి, ఎడమ అంచును దాటి 10 సెం.మీ. అవతల పడితే 600 వస్తుంది. కాని అది ఇప్పుడు అడ్డుపడే భ్రామకం కాదు, పొర్లేవానికి తోడ్పడే భ్రామకం! అదే మనిషి, అదే 60 కిలోలు. ఒకచోట గోడ, ఇంకొకచోట చేయూత. కొత్తగా నేర్చేవారు శత్రువును బాగా అదమవలెనన్న ఆత్రంతో ఛాతీమీదికి ఎగబాకి ముందుకు వాలుతారు. మరుక్షణం తామే అవతల వెల్లకిల పడి ఉంటారు.

నిజానికి కెసా-గతామెలో అరవై కిలోలూ క్రిందివానిమీద పడవు. పట్టినవాని తుంటి నేలకు ఆని ఉన్నది. కాళ్లూ నేలమీదనే ఉన్నాయి. కనుక బరువులో కొంతభాగాన్ని నేలే మోస్తుంది. ఇది నష్టంలాగ కనిపిస్తుంది గాని, లాభం ఇందులోనే ఉన్నది. నేల మోసే బరువును క్రిందివాడు ఏ విధంగానూ కదపలేడు. మోతగాడు మూటను ఎత్తేటప్పుడు బరువంతా అతని చేతులమీద, కాళ్లమీద ఉంటుంది. బరువు తన క్రిందికి వచ్చేటట్లు అతడు నిలబడతాడు. ఇక్కడ అట్లా కుదరదు. వెల్లకిల ఉన్నవాని కాళ్లు బరువుక్రింద లేవు. చేతులు తోసే దిక్కు వేరు, బరువు ఉన్న చోటు వేరు. పైగా మూట నిర్జీవం. మనిషి అట్లా కాదు. క్రిందివాడు ఎటు తోస్తే అటు తన బరువును జరుపుకొంటూ ఉంటాడు.

ఈ లెక్కను తరగతిలో చూపడానికి ఉపాధ్యాయులకు పెద్ద పరికరాలేమీ అక్కరలేదు. 40 సెం.మీ. పొడవుగల తేలికైన పలకకు ఒక కొనను బల్లకు కీలు బిగించి, రెండవ కొనను స్ప్రింగుత్రాసుతో నెమ్మదిగా పైకి లాగాలి. 2 కి.గ్రా. రాయిని కీలుకు 10 సెం.మీ. దూరంలో ఉంచితే త్రాసు, పలక బరువుకు చూపేది తీసివేయగా, అరకిలో చూపుతుంది. 20 సెం.మీ. దూరంలో కిలో, రెండవ కొనవద్ద రెండు కిలోలు చూపుతుంది. రాయి మారలేదు. పిల్లలచేత ముందుగా ఎంత చూపుతుందో ఊహించి వ్రాయించి, తరువాత లాగించడం మంచిది.

ఇక పట్టినవాడు తాను పడిపోకుండా ఉండడం సంగతి. రొళ్ల, రత్నగిరి చుట్టుపక్కల కొండలు నల్లరాతి గుండ్లమయం. కొన్ని గుండ్లు వెడల్పు పక్క నేలకు ఆనించి పరుండి ఉంటాయి. కొన్ని ఇంకొక గుండుకొనమీద, ఇప్పుడో అప్పుడో దొర్లేటట్లు, నిలిచి ఉంటాయి. ఏ వస్తువైనా దాని గురుత్వకేంద్రంనుంచి దించిన లంబరేఖ ఆధార వైశాల్యంలోపల పడినంతకాలం పడిపోదు. గురుత్వకేంద్రం ఎంత తక్కువ ఎత్తులో ఉంటే, ఆధారం ఎంత వెడల్పుగా ఉంటే, పడదోయడానికి అంత ఎక్కువ వంచవలసి ఉంటుంది. నిలుచున్న మనిషి గురుత్వకేంద్రం ఇంచుమించు బొడ్డుకు కాస్త దిగువగా ఉంటుంది. అతని ఆధారం రెండు పాదాలమధ్య ఉన్న జానెడు చోటు. అదే మనిషి తుంటి నేలకు ఆనించి, కాళ్లు బారచాపి కూర్చుంటే గురుత్వకేంద్రం మూరెడు ఎత్తుకు దిగివస్తుంది, ఆధారం ఎన్నోరెట్లు పెరుగుతుంది. నిలువుగుండు పరుండిన గుండు అయిందన్నమాట. తల వంచి ఉంచడం కూడ ఇందుకే.

రెండవ మార్గం పట్టినవానివైపుకే, అంటే కుడిపక్కకు పొర్లడం. దీనిని రెండు సాధనాలు అడ్డుతున్నాయి. చంకలో జొనిపిన తుంటి బండిచక్రానికి అడ్డుపెట్టిన రాయివలె పనిచేస్తుంది. దానికితోడు, పొర్లవలెనంటే కుడిభుజాన్ని శరీరం క్రిందికి ముడుచుకోవాలి. కాని ఆ చెయ్యి పట్టినవాని చంకలో చిక్కి, పైకి లాగబడి ఉన్నది. మోచేయి నేలకు ఆనే వీలు లేదు. మోచేతిని ఊతచేసుకోకుండా వెల్లకిలనుంచి పక్కకు లేవడం ఎంత కష్టమో మంచంమీద ప్రయత్నించి చూస్తే తెలుస్తుంది. తల సంగతి కూడ అంతే. మనిషి పొర్లేటప్పుడు మొదట తల తిరుగుతుంది, తరువాత భుజాలు, ఆపైన నడుము. తలను ఒకరు పట్టి ఉంచితే వెన్నెముకకు ఆరంభమే లేదు. కనుక ఈ పట్టు నిజంగా పట్టుకొన్నది అరవై కిలోల శరీరాన్ని కాదు. ఆ శరీరాన్ని తిప్పగల రెండు పిడులను, తలనూ ఒక చేతినీ.

ఇట్టి ఎరుక జపానుకే పరిమితమైనది కాదు. రొళ్ల కన్నడ సరిహద్దున ఉన్న ఊరు. ఇక్కడ ఇళ్లలోనూ, బడులలోనూ రెండు భాషలూ వినిపిస్తాయి. కన్నడంలో గరడి మనె అనే వ్యాయామశాలను తెలుగులో గరిడి అనీ, తాలింఖానా అనీ అంటారు. ఈ సీమ విజయనగర రాజ్యంలో భాగంగా ఉండేది. 1565 యుద్ధం తరువాత ఆ రాజ్యానికి రాజధాని పెనుకొండకే మారింది. అంతకుముందు, సుమారు 1520లో విజయనగరాన్ని చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కృష్ణదేవరాయల దినచర్యను వర్ణించాడు. రాయలు తెల్లవారకముందే నువ్వులనూనె త్రాగి, ఒంటికి పట్టించుకొని, బరువులెత్తి, కత్తిసాము చేసి, చెమట పట్టిన తరువాత తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టేవాడట. ఆ తరువాత గుర్రపుస్వారి. రాజుతో పట్టిన మల్లుడు ఎంత బలం వాడేవాడో పాయెస్ చెప్పలేదు.

అయితే మన కుస్తీకీ, జూడో పట్టుకూ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఎర్రమట్టి గోదాలో వీపు నేలకు తగిలితే చాలు, ఆట ముగిసినట్లే. అంతర్జాతీయ కుస్తీలో రెండు భుజాలనూ నేలకు ఆనించి, అదుపు పూర్తిగా చిక్కిందని న్యాయనిర్ణేత గమనించేటంత సేపు ఉంచితే సరిపోతుంది. జూడోలో మాత్రం కాలం కొలుస్తారు. పట్టు కుదరగానే నిర్ణేత ‘ఒసాయెకొమి’ అంటాడు. గడియారం మొదలవుతుంది. పట్టు వీడితే ‘తొకెతా’ అంటాడు. 1964లో పూర్తి గెలుపునకు 30 సెకండ్లు పట్టి ఉంచవలసి ఉండేది. నేడు 20 సెకండ్లు చాలు. కుస్తీవీరుడు ఒక క్షణపు వేగాన్ని సాధిస్తే జూడోవీరుడు ఒక స్థితిని నిలుపుకోవాలి. ఇంకొక సౌకర్యం కూడ జూడోకు ఉన్నది. గట్టి నూలుచొక్కా పిడికిటికి చక్కగా దొరుకుతుంది. లంగోటా మాత్రమే ఉన్న చెమట ఒంటిమీద ఆ ఘర్షణ దొరకదు. గోదామట్టిని ఒంటికి చల్లుకోవడానికి అదొక కారణం.

భారతదేశంలో జూడోకు తొలినాళ్లలో దొరికిన ఆదరణ శాంతినికేతనంలో. 1929లో రవీంద్రనాథ ఠాకూరు ఆహ్వానంపై షింజో తకగాకి అనే జపాను గురువు అక్కడికి వచ్చి నేర్పాడు. మొదటి జాతీయ జూడో పోటీలు 1966లో హైదరాబాదులో జరిగాయి.

ఈ పట్టు ప్రపంచానికంతకూ తెలిసిన రోజు 1964 అక్టోబరు 23. ఆ సంవత్సరమే జూడో మొదటిసారి ఒలింపిక్ క్రీడలలో చేరింది. టోక్యోలో బరువుతో నిమిత్తం లేని బహిరంగ తరగతి తుదిపోటీలో జపాను వీరుడు అకియో కమినాగాను, హాలెండు దేశస్థుడు ఆంటన్ గీసింక్ నేలకు దించి, సరిగా ఈ కెసా-గతామెతోనే 30 సెకండ్లు పట్టి ఉంచాడు. జూడో పుట్టినింట జపానువారికి అది పెద్ద దెబ్బ. సంతోషం పట్టలేక పరుగెత్తివస్తున్న తన దేశస్థులను గీసింక్ చెయ్యెత్తి ఆపి, మర్యాదప్రకారం ప్రత్యర్థికి వందనం చేశాడు. గీసింక్ 198 సెం.మీ. పొడగరి. కమినాగా అతనికంటె చాలా చిన్నవాడు. కనుక నేర్పు ముందు బరువు లెక్కలోకి రాదని ఉత్సాహంకొద్దీ చెప్పేవారి మాట పూర్తిగా నమ్మదగినది కాదు. నేర్పు సమానమైనప్పుడు బరువు గెలుస్తుంది. బరువు తరగతులు ఏర్పరచింది అందుకే.

20 సెకండ్లలో క్రిందివాడు ఎందుకు నీరుకారిపోతాడు? కండరం తన పూర్తిబలంతో పనిచేయడానికి వెంటనే అందే శక్తినిలవ పది సెకండ్లకు మించి రాదు. ఆ తరువాత చక్కెరను ప్రాణవాయువు లేకుండా విడగొట్టి శక్తి తెచ్చుకోవాలి. దానితో బలం తగ్గుతూ వస్తుంది. పట్టినవాడు తన బరువును వ్రేలాడదీసి, అవసరమైనప్పుడే కండరాలను బిగిస్తాడు. క్రిందివాడు మొదటి క్షణంనుంచీ నిలువెల్లా పెనుగులాడుతాడు. ఒకడు జీతంమీద బ్రతుకుతుంటే ఒకడు నిలవసొమ్ము ఖర్చుచేస్తున్నాడు.

అందుచేత నేర్పరి గింజుకోడు. అతనికి రెండు ఉపాయాలు ఉన్నాయి. పాదాలనూ తలనూ నేలకు తన్ని నడుమును వంతెనవలె ఎత్తితే, పట్టినవాని గురుత్వకేంద్రం పైకి లేచి ఒక పక్కకు వాలుతుంది. ఆ క్షణంలో ఎడమభుజంమీదుగా తిరగాలి. రెండవదానిని జపానువారు ‘ఎబి’, అంటే రొయ్య అంటారు. రొయ్య ఒళ్లు వంచి వెనుకకు తన్నుకొన్నట్లు, పక్కకు తిరిగి తుంటిని దూరంగా జరిపి, ఏర్పడిన సందులో మోకాలు దూర్చాలి. ఒక్కొక్కదానినే చేస్తే ఫలితం తక్కువ. వంతెనకు జవాబుగా పట్టినవాడు వెనుకకు వాలుతాడు. అప్పుడే రొయ్య ఎత్తుకు సందు దొరుకుతుంది.

ఉపాధ్యాయులు మరి జాగ్రత్తగా గమనించవలసినది శ్వాస విషయం. గాలి పీల్చేటప్పుడు పక్కటెముకలు పైకి, పక్కలకు విచ్చుకొంటాయి. ఉదరవితానం క్రిందికి దిగుతుంది. ఛాతీమీద బరువుంటే మొదటి పనికి, పొట్టమీద బరువుంటే రెండవ పనికి ఆటంకం కలుగుతుంది. 40 కి.గ్రా. బరువు ఛాతీమీద 20 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. పొడవుగల చోట సమంగా పరచుకొన్నదనుకొందాం. చదరపు సెంటీమీటరుకు 50 గ్రాములు, అంటే 50 సెం.మీ. ఎత్తుగల నీటిస్తంభం కలిగించే ఒత్తిడి. ఆరోగ్యవంతుడైన యువకుడు బలమంతా పెట్టి గాలి పీల్చినప్పుడు కలిగించగల పీడనభేదం సుమారు 100 సెం.మీ. నీటిస్తంభానికి సమానం. పక్కటెముకలు కొంత బరువును తామే ఆపుతాయి గనుక ఇది స్థూలమైన లెక్క. అయినా ప్రతి ఊపిరికీ ఎంత శ్రమ పడవలసి వస్తుందో దీనివల్ల తెలుస్తుంది. అదే 40 కిలోలు మోకాలితో 100 చదరపు సెంటీమీటర్లలో మోపితే ఒత్తిడి ఎనిమిదిరెట్లు. కాబట్టే మోకాలితో ఛాతీని తొక్కడం ఆటలో భాగంగా పాఠశాలలలో ఎన్నడూ అనుమతించకూడదు. విశ్రాంతిలో నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి చాలును. పెనుగులాటలో దానికి పదిరెట్లయినా కావాలి. గిరాకీ పెరిగిన సమయంలోనే సరఫరా తగ్గుతున్నది.

విజయనగరంలో వ్యాయామోపాధ్యాయుడుగా ఉండి ‘కలియుగ భీముడు’ అని పేరుపొందిన కోడి రామమూర్తినాయుడు ఛాతీమీద ఏనుగును నిలుపుకొన్న కథ తెలుగువారికి తెలియనిది కాదు. నిండుగా గాలి పీల్చి కంఠద్వారం మూసుకొంటే ఛాతీ గాలి నింపిన చక్రంలాగ గట్టిపడుతుంది. బరువు విశాలంగా పరచుకొంటే కొంతసేపు భరించవచ్చును. కాని అప్పుడు శ్వాస జరగడం లేదు, నిలిచి ఉన్నది. ఏండ్లతరబడి సాధన చేసినవాని ప్రదర్శనను చూసి బడిపిల్లలు ఒకరిమీద ఒకరు గుట్టగా పడి ఆడుకోవడం చాలా ప్రమాదం. అడుగున ఉన్నవాడు అరవలేడు, అరవడానికి గాలి కావాలి. దీనికి తోడు ఒక దురభిప్రాయం కూడ ఉన్నది. ‘మాట్లాడుతున్నాడు గదా, ఊపిరి ఆడుతున్నట్లే’ అనుకొంటారు. ఒక మాట పలకడానికి బయటికి వదలే గాలి కొద్దిపాటి ఉంటే చాలు. శరీరానికి కావలసినంత గాలి లోపలికి పోతున్నదని ఆ మాట రుజువు కాదు.

జూడోలో ఇందుకు ఏర్పాటు ఉన్నది. క్రిందివాడు ఖాళీగా ఉన్న చేతితో చాపనుగాని ప్రత్యర్థినిగాని రెండుసార్లు తడితే ఓటమిని ఒప్పుకొన్నట్లు. చేతులు ఆడకపోతే పాదంతో తట్టవచ్చును, ‘మైత్తా’ అని నోటితోనూ చెప్పవచ్చును. తట్టు తగలగానే పట్టు వదిలివేయాలి, నిర్ణేత మాటకోసం ఆగనక్కరలేదు. నేర్పే క్రమంలో పట్టుకంటె ముందు ఈ తట్టడమే నేర్పుతారు. చిన్నతరగతుల పిల్లలకు మెడక్రింద చెయ్యి పోనివ్వకుండా, అవతలి చంకక్రిందినుంచి పట్టే ‘కుజురె కెసా-గతామె’ను నేర్పడం మేలు. మెడకు ఒత్తిడి ఉండదు, భ్రామకం లెక్క మారదు. జతలను బరువు చూసి కూర్చాలి. ఒక ఉపాధ్యాయుడు అన్ని జతలనూ ఒకేసారి చూడలేడు. కనుక రెండుమూడు జతలు పట్టుతుండగా మిగిలిన పిల్లలు గడియారం పట్టుకొని, సెకండ్లు పైకి లెక్కపెడుతూ, తట్టు ఎప్పుడు పడుతుందో కనిపెడుతూ కూర్చోవాలి.